చర్చిల్ వద్దన్న గార్టర్

1945 జులై 26 సాయంత్రం విన్‌స్టన్ చర్చిల్ బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు వెళ్లి రాజు ఆరవ జార్జికి రాజీనామా సమర్పించాడు. అయిదేళ్లు యుద్ధం నడిపి, జర్మనీ లొంగిపోయి మూడు నెలలైనా తిరగకముందే, ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయి వచ్చిన మనిషి. ఆ భేటీలోనే రాజు ఆయనకు గార్టర్ బిరుదు ఇస్తానన్నాడు. మూడవ ఎడ్వర్డ్ 1348లో నెలకొల్పాడని చెప్పే ఆ కూటమిలో రాజూ, యువరాజూ కాక 24 మందికే చోటు ఉంటుంది; ఆ దేశంలో అంతకన్నా పాతదీ, అంతకన్నా గొప్పదీ అయిన వీరగౌరవం లేదు. చర్చిల్ వద్దన్నాడు. ఎనిమిదేళ్లు నిండకుండానే, 1953 ఏప్రిల్‌లో, అదే గార్టర్‌ను ఆ రాజు కూతురి చేతుల మీదుగా పుచ్చుకున్నాడు.

ఈ రెండు సంఘటనల మధ్య ఏం మారింది? ఓడిన బాధలో కాదన్నాడనీ, పాతికేళ్లు దాటిన కొత్త రాణి మీది వాత్సల్యంతో ఔనన్నాడనీ చాలామంది చెప్పుకుంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ నాకు ఆ వివరణ చాలదు. ఈ రెండు తేదీల నడుమ మారినది చర్చిల్ మనసు ఒక్కటే కాదు, ఆ బిరుదును ఇచ్చే చెయ్యి కూడా. రాజుకూ ప్రధానికీ మధ్య ఉండే సంబంధం అసలు స్వరూపం రాజ్యాంగ సూత్రాల్లోకన్నా బిరుదుల వ్యవహారంలోనే స్పష్టంగా కనబడుతుందనీ, ఇచ్చేవాడికి తిరిగి ఏమీ ముట్టనప్పుడే సత్కారానికి విలువ ఉంటుందనీ నేను నమ్ముతాను. ఈ మాట చెప్పడానికి ఆరవ జార్జి, చర్చిల్‌ల కథకన్నా మంచి ఆధారం నాకు కనబడలేదు.

వారి పరిచయం స్నేహంతో మొదలు కాలేదు. 1936 డిసెంబరులో ఎనిమిదవ ఎడ్వర్డ్ సింహాసనం వదులుకోవలసి వచ్చినప్పుడు, ఆయన పక్షాన నిలబడి పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో కేకలు తిని కూర్చున్నవాడు చర్చిల్. ఆ అన్న దిగిపోవడం వల్లనే గద్దె ఎక్కవలసి వచ్చిన తమ్ముడు ఆరవ జార్జి. కోరి తెచ్చుకున్న కిరీటం కాదు, నెత్తిన పడిన బరువు. పైగా ఆయన ప్రధాని నెవిల్ చేంబర్లేన్‌ను మనసారా నమ్మాడు. 1938 సెప్టెంబరులో, చెకోస్లొవేకియాలో కొంత భాగాన్ని హిట్లర్‌కు వదిలేసే మ్యూనిక్ ఒప్పందం చేసుకుని వచ్చిన చేంబర్లేన్‌ను, పార్లమెంటు ఆ ఒప్పందాన్ని చర్చించకముందే, ప్యాలెస్ బాల్కనీ మీదికి తీసుకొచ్చి జనానికి చూపించాడు. రాజు ఒక పక్షం వహించినట్లు కనబడిన ఆ తప్పు ఆయన పాలనలో చిన్నది కాదు. ఆ ఒప్పందాన్ని ఎవరికన్నా గట్టిగా ఖండించినవాడు చర్చిల్.

1940 మే 10న చేంబర్లేన్ తప్పుకున్నప్పుడు రాజు కోరుకున్న పేరు విదేశాంగ మంత్రి హాలిఫాక్స్ ప్రభువు. ఆయన ప్రభువుల సభ సభ్యుడు కనుక కామన్స్‌లో కూర్చోలేడన్న అడ్డు వస్తే, ఆ ప్రభువు హోదాను కొంతకాలం పక్కన పెట్టించవచ్చు కదా అని కూడా రాజు అడిగాడు. హాలిఫాక్స్‌కు ఆ పదవి మీద ఉత్సాహం లేదనీ, పిలవవలసినది చర్చిల్‌నేననీ చేంబర్లేన్ చెప్పిన తర్వాత మారు మాట్లాడలేదు. ఆ సాయంత్రం చర్చిల్ వచ్చాడు. ‘మిమ్మల్ని ఎందుకు పిలిపించానో మీకు తెలియదనుకుంటాను’ అని రాజు అన్నాడనీ, ‘ఊహకు కూడా అందడం లేదు’ అని తాను జవాబిచ్చాననీ, రాజు నవ్వి ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నాడనీ చర్చిల్ తర్వాత రాసుకున్నాడు. ఆ మర్నాడు రాజు తన డైరీలో రాసుకున్నది వేరు: చర్చిల్‌ను ప్రధానిగా ఇంకా ఊహించుకోలేకపోతున్నానని.

తనకు నచ్చని మనిషిని పిలిచి అధికారం అప్పగించడంలో రాజు చేసింది ఏమీ లేదని కొందరు అంటారు, ఎందుకంటే వేరే దారి లేదు. నిజమే. కానీ అప్పగించిన తర్వాత ఎలా నడుచుకోవాలన్నది ఏ చట్టంలోనూ లేదు. ఆ ఖాళీలోనే ఈ ఇద్దరూ తమ సంబంధాన్ని కట్టుకున్నారు. మొదటి వారాల్లో రాజు అభ్యంతరాలు చెప్పాడు. పత్రికాధిపతి బీవర్‌బ్రూక్‌ను విమాన తయారీ మంత్రిగా వేయవద్దని ఉత్తరం రాశాడు, చర్చిల్ వినలేదు. చర్చిల్ అనుచరుడు బ్రెండన్ బ్రాకెన్‌ను రాజు సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్‌లోకి తీసుకోవడం తగదన్నాడు, చర్చిల్ పట్టుబట్టాడు. రెండుసార్లూ రాజు తగ్గాడు. బ్రిటిష్ రాజ్యాంగం మీద పుస్తకం రాసిన వాల్టర్ బేజెట్ 1867లో రాజుకు మూడే హక్కులున్నాయన్నాడు: ప్రధాని తనను సంప్రదించాలి, తాను ప్రోత్సహించవచ్చు, తాను హెచ్చరించవచ్చు. హెచ్చరించినవాడు మాట చెల్లలేదని అలగకపోవడం ఈ మూడింటిలోనూ లేని నాలుగో సంగతి. ఆరవ జార్జికి అది తెలుసు.

సెప్టెంబరు 1940 నుంచి వారం వారం జరిగే లాంఛనపు భేటీ మంగళవారం మధ్యాహ్న భోజనంగా మారింది. నౌకర్లను బయటికి పంపేవారు. పక్క బల్ల మీద పెట్టిన వంటకాలను రాజూ, ప్రధానీ తామే వడ్డించుకుని తినేవారు. వైమానిక దాడి వస్తే పళ్లాలు చేత పట్టుకుని రక్షణ గదిలోకి వెళ్లేవారు. శత్రువుల రహస్య లిపి ఛేదించిన సంగతి, అణుబాంబు తయారీ సంగతి, మంత్రుల్లోనే అనేకులకు తెలియనివి, ఆ బల్ల దగ్గర రాజుకు తెలిసేవి. అధికారం ఉన్నవాడి చుట్టూ ఉండేవాళ్లలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక ఆశ ఉంటుంది: ఒకరికి పదవి, ఒకరికి పదోన్నతి, ఒకరికి ఆ పదవే. ప్రధాని కుర్చీ మీద ఆశ లేని, ఆ కుర్చీ నుంచి ఏమీ ఆశించనక్కరలేని, విన్నది బయట చెప్పని మనిషి దేశం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. యుద్ధకాలంలో రాజు చేసిన అసలు సేవ ఆ వినడమేనని నా అభిప్రాయం. ఏడాది తిరగకుండానే ఆయన డైరీలో మాట మారింది. ఇంతకన్నా మంచి ప్రధాని నాకు దొరకడని రాసుకున్నాడు.

1940 సెప్టెంబరు 13న రాజూ, రాణీ లోపల ఉండగానే ప్యాలెస్ ఆవరణలో బాంబులు పడ్డాయి. ఎంత దగ్గరగా పడ్డాయో రాజు చర్చిల్‌కు కూడా చెప్పలేదు. ప్రధానికి ఆ సంగతి చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు. అదే నెలలో రాజు జార్జి క్రాస్, జార్జి మెడల్ అనే రెండు కొత్త పురస్కారాలు ప్రకటించాడు. యుద్ధరంగంలో శత్రువు ఎదురుగా నిలబడినవారికి ఇచ్చే పతకాలు అప్పటికే ఉన్నాయి. శిథిలాల కింద నుంచి మనుషులను లాగిన అగ్నిమాపక సిబ్బందికి, పేలని బాంబుల దగ్గర కూర్చుని వాటిని నిర్వీర్యం చేసినవారికి, నర్సులకు సరిపడేది లేదు. ఇది ఆయన స్వయంగా శ్రద్ధ పెట్టి చేయించిన పని. 1942 ఏప్రిల్ 15న మాల్టా ద్వీపం మొత్తానికి జార్జి క్రాస్ ఇచ్చాడు, మరుసటి ఏడు జూన్‌లో యుద్ధనౌక మీద వెళ్లి ఆ ద్వీపపు జనం మధ్య నిలబడ్డాడు. ఒక సత్కారం ఓట్లకూ, నిధులకూ సంబంధం లేకుండా ఇవ్వగలిగితే ఎలా ఉంటుందో చూడాలంటే నేను ఈ పతకాన్నే చూపిస్తాను.

కానీ నేను తెలుగువాణ్ణి, ఆ తేదీ దగ్గర నాకు అడుగు ముందుకు పడదు. మాల్టాకు ఆ గౌరవం దక్కడానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ ఏడు జులై చివరి మంగళవారం భోజనం దగ్గర చర్చిల్ రాజుతో ఒక మాట అన్నాడు: యుద్ధం ముగిశాక భారతదేశాన్ని భారతీయులకు వదిలేయడానికి తన సహచరులూ, అన్ని పార్టీలూ సిద్ధంగానే ఉన్నాయని. విని నివ్వెరపోయానని రాజు డైరీలో రాసుకున్నాడు. మరో పది రోజులకు బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం, దాని వెంటనే అరెస్టులు. ఆ తర్వాతి ఏడు బెంగాల్ కరవులో సుమారు 30 లక్షల మంది ఆకలితోనూ, దాని వెంట వచ్చిన జబ్బులతోనూ చనిపోయారు. ఆ ప్రజలకు చక్రవర్తినని పిలిపించుకున్నవాడు ఈ రాజే. ధాన్యం ఓడల దగ్గర వారి మీద కరకుదనం చూపినవాడు ఈ ప్రధానే. వారిద్దరి మధ్య నమ్మకం ఎంత నిజమైనదో, ఆ నమ్మకపు హద్దు ఎక్కడ ఆగిపోయిందో కూడా అంతే నిజం. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం నాకు చేతకాదు.

బిరుదుల సంగతిలో మరో జ్ఞాపకం కూడా నన్ను వెంటాడుతుంది. మా అమ్మమ్మగారి ఇంట్లో చావిడి గోడకు అద్దాల చట్రంలో ఒక కాగితం ఉండేది. గ్రామ కరణంగా ఉన్న మా ముత్తాతగారు యుద్ధ నిధికి చందాలు వసూలు చేసి పంపినందుకు మెచ్చుకుంటూ జిల్లా అధికారులు ఇచ్చిన యోగ్యతా పత్రం. చిన్నప్పుడు నాకది ఘనంగా కనబడేది. పంట సరిగా రాని ఏడు కూడా ఊళ్లో రైతుల చేత చందా రాయించారనీ, ఇవ్వలేనన్నవాళ్ల మొహం తర్వాత కచేరీ పనుల్లో చూసేవారు కాదనీ అమ్మమ్మ చెప్పినప్పటి నుంచి ఆ కాగితాన్ని నేను తిన్నగా చూడలేకపోయాను. ముత్తాతగారు చెడ్డవారు కారు. ఆ గౌరవం ఇచ్చిన చేతికి కావలసింది డబ్బు, ఆయన తెచ్చి ఇచ్చారు, కాగితం వచ్చింది. రావు సాహెబులూ, రావు బహదూర్‌లూ, దివాన్ బహదూర్‌లూ అందరూ ఇలాగే వచ్చారని అనను. కందుకూరి వీరేశలింగం గారికీ రావు బహదూర్ బిరుదు ఉంది, ఆయన సేవ ముందు ఆ బిరుదే చిన్నది. కానీ సత్కారం ఒక లావాదేవీగా మారడానికి పెద్ద దుర్మార్గం అక్కరలేదని మా చావిడి గోడ నాకు నేర్పింది.

ఆ లావాదేవీ బ్రిటన్‌లో అంతకు ముందే బజారున పడింది. ఆరవ జార్జి తండ్రి అయిదవ జార్జి. మన విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. ఆయన ప్రధాని లాయిడ్ జార్జి. మొదటి ప్రపంచ యుద్ధం గెలిపించిన ఆ ప్రధాని, తన రాజకీయ నిధి కోసం బిరుదులు అమ్మించాడు. ‘సర్’ అనిపించుకోవడానికి సుమారు 10,000 పౌండ్లు, వారసత్వంగా వచ్చే బారొనెట్ బిరుదుకు అంతకు మూడు నాలుగు రెట్లు అనే ధర మధ్యవర్తుల ద్వారా నడిచింది. మాండీ గ్రెగరీ అనే దళారి ఆ వ్యాపారానికి లండన్‌లో కార్యాలయమే తెరిచాడు. బిరుదుల పట్టిక తయారు చేసేది ప్రధాని, సంతకం పెట్టేది రాజు. డబ్బు ఒకరి పెట్టెలోకి, మచ్చ మరొకరి కిరీటం మీదికి వెళ్లాయి.

1922 వేసవిలో ఆ పట్టికలో జోసెఫ్ రాబిన్సన్ పేరు వచ్చింది. వాటాదారులను మోసగించాడని దక్షిణాఫ్రికా న్యాయస్థానం తేల్చిన గనుల యజమాని, దాని మీద చేసుకున్న అప్పీలు లండన్‌లో కొట్టేసి ఏడాదైనా కాలేదు. ఆయనను ప్రభువును చేయాలని ప్రధాని సలహా. సలహాను కాదనే అధికారం రాజుకు లేదు. హెచ్చరించే హక్కు మాత్రం ఉంది, దాన్ని ఆయన వాడాడు. ఇది సింహాసనానికీ, ప్రభువుల సభకూ అవమానంతో సమానమని ప్రధానికి ఉత్తరం రాశాడు. సభలో గొడవ రేగి, రాబిన్సన్ తానే వద్దనుకున్నాడు. విచారణ సంఘం వచ్చింది, 1925లో బిరుదుల అమ్మకాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది, 1933లో గ్రెగరీకి శిక్ష పడింది. అయితే అయిదవ జార్జి చెయ్యి కూడా పూర్తిగా శుభ్రమైనది కాదు. యుద్ధం నడుమ, లాయిడ్ జార్జికి నమ్మకం లేని సేనాని డగ్లస్ హేగ్‌ను 1917 కొత్త సంవత్సరపు కానుకగా ఫీల్డ్ మార్షల్‌ను చేయించినవాడు ఆ రాజే. దానితో హేగ్‌ను కదిలించడం ప్రధానికి మరింత కష్టమైంది. డబ్బు చేతులు మారలేదు కనుక ఇది అవినీతి కాదు. కానీ ఒక పతకంతో యుద్ధ విధానం మీద పైచేయి సాధించాలని చూడడం కూడా ఆ పతకాన్ని పనిముట్టుగా వాడడమే.

తండ్రికీ, లాయిడ్ జార్జికీ మధ్య లేనిది కొడుకుకూ, చర్చిల్‌కూ మధ్య ఉందని చెప్పడానికి 1944 మే చివరి వారం ఒక్కటి చాలు. 30వ తేదీ మంగళవారం, నార్మండీ దండయాత్ర రోజున మీరెక్కడ ఉంటారని రాజు అడిగాడు. బెల్‌ఫాస్ట్ యుద్ధనౌక మీద ఉండి తీరం మీద గుండ్ల వర్షం చూస్తానన్నాడు చర్చిల్. అయితే నేనూ వస్తానన్నాడు రాజు. ఇద్దరూ కుర్రాళ్లలా ఉత్సాహపడ్డారు. మర్నాడు రాజు ఆంతరంగిక కార్యదర్శి అలన్ లాసెల్స్ ఒక ప్రశ్న వేశాడు: ఒకే నౌకలో మీరిద్దరూ పోతే, 18 ఏళ్ల ఎలిజబెత్‌కు తర్వాతి ప్రధాని ఎవరో సలహా చెప్పి వెళ్తారా? రాజు ఉత్సాహం అక్కడితో చల్లారింది. తాను మానుకుంటున్నాననీ, మీరూ మానుకోండనీ చర్చిల్‌కు ఉత్తరం రాశాడు. చర్చిల్ కదల్లేదు. రాజు అనుమతి లేకుండా మంత్రి దేశం దాటరాదు కదా అని లాసెల్స్ అంటే, బ్రిటిష్ నౌక మీద ఉంటే దేశం దాటినట్లు కాదని వాదించాడు.

జూన్ 2న రాజు రాసిన రెండో ఉత్తరాన్ని ఈ అనుబంధానికంతటికీ కేంద్రమని నేను భావిస్తాను. ‘నేను మీకన్నా చిన్నవాణ్ణి, నావికుణ్ణి, రాజుగా మూడు సైన్యాలకూ అధిపతిని. సముద్రం మీదికి వెళ్లడంకన్నా నాకు ఇష్టమైనది లేదు, అయినా ఇంట్లో ఉండడానికి ఒప్పుకున్నాను. నేను చేయాలనుకుని మానుకున్న పనినే మీరు చేయడం న్యాయమా’ అన్నది దాని సారం. ఆయన 1916లో జట్‌లాండ్ నౌకాయుద్ధంలో స్వయంగా పాల్గొన్నవాడు. మాటల కోసం రాసింది కాదు. ఆదేశించలేదు, ఆదేశించడానికి చట్టంలో చోటు లేదు. తాను ముందుగా త్యాగం చేసి, ఆ త్యాగాన్ని ఎదుటివాడి ముందు పెట్టాడు. చర్చిల్ సూత్రం మీద వాదిస్తూనే తలవంచాడు. జూన్ 12న చర్చిల్, 16న రాజు నార్మండీ నేల మీద కాలు పెట్టారు. రెండేళ్ల ముందు తాను చనిపోతే ఎవరిని పిలవాలో రాసి ఇవ్వమని రాజు అడిగితే, చర్చిల్ తన విదేశాంగ మంత్రి ఈడెన్ పేరు రాసి ఇచ్చాడు. ఒకరి చావు గురించి మరొకరు ఇంత సూటిగా మాట్లాడుకోగలగడం అంతఃపురాల్లో తరచు చూసే విషయం కాదు.

ఇప్పుడు గార్టర్ సంగతికి వస్తాను. 1945లో గార్టర్ నిజానికి రాజు సొత్తు కాదు. పద్దెనిమిదో శతాబ్దం నుంచి అది ప్రధాని సలహా మీద, చాలావరకు రాజకీయ కృతజ్ఞతగా పంచిన బిరుదు. దిగిపోతున్న ప్రధాని దాన్ని పుచ్చుకోవడమంటే తన పట్టికలో తన పేరు తానే ఎక్కించుకోవడానికి ఎంతో దూరం కాదు. పైగా అదే రోజు ప్రజలు వేరే తీర్పు చెప్పారు. ఆరు నెలలకు, 1946 కొత్త సంవత్సరపు పట్టికలో, చర్చిల్ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను మాత్రం అభ్యంతరం లేకుండా తీసుకున్నాడు. అది 1902లో మొదలైన నాటి నుంచి ఏ మంత్రి సలహా లేకుండా రాజు తన ఇష్టంతో ఇచ్చేది. నా వాదనకు ఈ తేడాయే ఆధారం. ఓటమి బాధే కారణమైతే రెండూ వద్దనేవాడు.

1946 డిసెంబరులో, చర్చిల్‌ను ఓడించి వచ్చిన లేబర్ పార్టీ ప్రధాని అట్లీ, ప్రతిపక్ష నాయకుడు చర్చిల్ ఇద్దరి ఒప్పుదలతో రాజు గార్టర్‌ను తిరిగి తన చేతిలోకి తెచ్చుకున్నాడు. తన పార్టీకి పంచుకోగల ఒక గొప్ప బిరుదును అధికారంలో ఉన్న ప్రధాని తానే వదులుకున్నాడు. అట్లీకి ఆ ఘనత ఎవరూ సరిగా ఇవ్వరని నా బాధ. ఆ మార్పు తర్వాత, 1953లో, తాను ప్రధానిగా ఉండి కూడా చర్చిల్ గార్టర్ తీసుకోగలిగాడు. తనకు తాను సిఫారసు చేసుకోవలసిన అవసరం ఇక లేదు. 1955లో డ్యూక్ బిరుదు ప్రస్తావన వస్తే మాత్రం కాదని, కామన్స్ సభ్యుడిగానే ఉండిపోయాడు.

మనం మన రాజ్యాంగం 18వ అధికరణలో సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప బిరుదులనే రద్దు చేసుకున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి అయిన 1931లోనే ‘సర్’ అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు స్వాతంత్ర్యం తర్వాత ఆ మాటను తన పేరు ముందు పెట్టుకోలేదు. కానీ 1963లో రాష్ట్రపతిగా ఉండగా ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవ సభ్యత్వాన్ని స్వీకరించారు. నాకు ఇందులో పొరపొచ్చెం కనబడదు: ఒకటి పాలకుడు పాలితుడికి తగిలించినది, రెండోది సమానుడికి అందించినది. నెహ్రూ భారతరత్న తనకు తాను ఇచ్చుకున్నారని నేటికీ ఫోన్లలో తిరిగే మాట కూడా ఇక్కడే గుర్తొస్తుంది. 1955 జులైలో రాజేంద్రప్రసాద్ గారు, ప్రధాని సలహా లేకుండా ఈ పని చేస్తున్నాననీ, ఇది పద్ధతి తప్పినట్లు అనిపించవచ్చుననీ బహిరంగంగానే చెప్పి ఆ గౌరవం ప్రకటించారు. మామూలుగా భారతరత్నకు సిఫారసు చేసేది ప్రధానే. ఆ పద్ధతిలో ఆ పదవిలో ఉన్నవారికి ఆ గౌరవం దక్కే మార్గం మచ్చ లేకుండా ఉండదని ఆయనకు తెలుసు; అందుకే ఆ మాట బయటకు చెప్పారు. పి.వి. నరసింహారావు గారికి 2024లో, మరణించిన ఇరవయ్యో ఏట, భారతరత్న వచ్చినప్పుడు తెలుగువాడిగా సంతోషించాను. పట్టిక ఏ చేతిలో ఉందన్న దాన్ని బట్టి ఒక మనిషి ఇంతకాలం ఎదురుచూడవలసి వస్తుందన్న దిగులు మాత్రం ఆ సంతోషంతో పోలేదు.

ఆరవ జార్జి 1952 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున సాండ్రింగ్‌హామ్‌లో నిద్రలోనే కన్నుమూశాడు. 56 ఏళ్లు. చర్చిల్ అప్పటికి మళ్లీ ప్రధాని. మర్నాడు రేడియోలో మాట్లాడుతూ, రాజు చివరి నెలల్లో మృత్యువును తోడుగా పక్కన పెట్టుకుని నడిచాడన్నాడు. ప్రధానికి రాజు ఇవ్వగల గౌరవాలు చాలా ఉన్నాయి. రాజుకు ప్రధాని ఇవ్వగలది ఏ పట్టికలోనూ లేదు. అంత్యక్రియలకు పంపిన తెల్లపూల హారానికి చర్చిల్ ఒక చీటీ కట్టించాడు. దాని మీద రాసినది ధైర్యవంతులకు ఇచ్చే పతకం మీద చెక్కే మాట: శౌర్యానికి.